శనివారం అరటిపండ్లు

కార్డు మీద ‘అశుభం’ అని లేదు. మా వైపు చావు కబురు తెచ్చే కార్డుకు నెత్తిన ఆ మాట ఉంటుంది. వాకిట్లోనే చదివి, చించేసి, తలమీద నీళ్ళు పోసుకుని లోపలికి వస్తాం. ఈ కార్డు మాత్రం కావలిలో మా వంటింటి దాకా వచ్చేసింది. చిక్కుడుకాయల ఈనెలు తీస్తూ చదివాను. ‘మా అక్క మంగళవారము ప్రభువునందు నిద్రించినారు. వచ్చే శనివారము జ్ఞాపకార్థ కృతజ్ఞత కూడిక, విందు. మీరు తప్పక రావలెను’ అని ఉంది. నిద్రించడమేమిటని రెండోసారి చదివితేగానీ మా పెద్ద టీచరమ్మ పోయిందని అర్థం కాలేదు. ఎనిమిదేళ్ళు ఆమె పక్కన పనిచేసి, వాళ్ళ చర్చి మాటలు నేను నేర్చుకున్నది ఇంతే.

నయాపైసలు కొత్తగా వచ్చిన రోజుల్లో వాకాడు దగ్గర సముద్రం ఒడ్డు పల్లెలో నాకు తొలి ఉద్యోగం. ఇద్దరు టీచర్ల బడి. ఆమె పెద్ద టీచరమ్మ, నేను చిన్న టీచరమ్మ. మాది కోవూరు పక్కన వరి పండించుకునే ఇల్లు. నేను ఊళ్ళో రెడ్డిగారింటి పక్కగదిలో అద్దెకుండేదాన్ని. ఆమె హరిజనవాడలో, చర్చి వెనక, చెల్లెలితో ఉండేది. అరిగిపోయిన సుద్దముక్కల్ని నశ్యం డబ్బాలో దాచి, నెలాఖరుకు పిల్లలకు పంచేది. నాకు ముక్కుమీద కోపం. “కొట్టేముందు పోయి చెయ్యి కడుక్కొని రామ్మా, ఆలోపల కోపం పోతాది” అనేది. మొదటి ఏడాది రోజుకు నాలుగుసార్లు చేతులు కడుక్కున్నాను.

కృతజ్ఞత కూడిక అంటే తెలియనివాళ్ళకు చెప్తాను. జబ్బు నయమైనా, కాన్పు సుఖంగా జరిగినా, తుఫానుకు పోయిన పడవ తిరిగొచ్చినా వాళ్ళు పదిమందిని పిలుస్తారు. పాటలు పాడి, ప్రార్థన చేసుకుని, ఒక్కొక్కరే లేచి తమకు జరిగిన మేలు పైకి చెప్పి, అందరూ ఒకే బంతిలో భోంచేస్తారు. కోతలయ్యాక చర్చిలో పెద్ద పండగ. తొలి వడ్లు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టిన కోళ్ళు, ఎండుచేపల బుట్టలు అన్నీ బల్లముందు పేర్చేవాళ్ళు. మా టీచరమ్మకు ఆ పండగ దాకా ఆగే ఓపిక లేదు. “కూర కుదిరినా స్తోత్రం చెప్పొచ్చమ్మా” అని, చిన్నపాటి సందు దొరికితే చాలు, నలుగురిని పిలిచి అన్నం పెట్టేది. నన్నూ పిలిచేది. నాకు ప్రతిసారీ ఏదో ఒక పని ఉండేది.

రెండో ఏడు నాకు టైఫాయిడ్ వచ్చింది. అంటుకుంటుందని రెడ్డిగారింటివాళ్ళు గుమ్మం బయటే నిలబడి పలకరించి పోయేవాళ్ళు. ఆమె మాత్రం బడి విడవగానే వచ్చి నా మంచం పక్కన కూర్చునేది. వాళ్ళింట్లో కాచిన గంజి తెచ్చి, తల ఎత్తిపట్టి, చెంచాతో తాగించింది. వొద్దనలేదు నేను. ఒళ్ళెరగని జ్వరమనుకోకండి, చివరి వారం నాకు బాగానే తెలివి ఉంది. ఆ గంజిలో ఉప్పు సరిపోయేది కూడా.

కబురంది మా అమ్మ వచ్చింది. ఇన్నాళ్ళూ గంజి ఎవరు కాచారని అడిగింది. ‘రెడ్డెమ్మగారు’ అన్నాను. టీచరమ్మ అక్కడే, కిటికీ దగ్గర, నా నుదుటి మీది గుడ్డ పిండుతూ ఉంది. నీళ్ళన్నీ పోయిన గుడ్డను మళ్ళీ ఒకసారి పిండింది. మా అమ్మ రెడ్డెమ్మగారికి చీర పెట్టి వెళ్ళింది. ఆవిడా కాదనకుండా తీసుకుంది.

నేను లేచి తిరగడం మొదలుపెట్టాక టీచరమ్మ నా పేరున కృతజ్ఞత కూడిక పెట్టింది. నా కోసమని చేపల పులుసు మానేసి, కొత్త కుండల్లో పప్పు, గుమ్మడికాయ కూర, పరమాన్నం వండించింది. మేము నీచు తినేవాళ్ళమే. నాకు అడ్డం నీచు కాదు. ఎవరింటి అన్నమన్నదే అడ్డం, ఆ మాట ఆమెకూ తెలుసు. ప్రార్థనలో గంజి ఊసెత్తలేదు. నా ఆరోగ్యం బాగుపడినందుకు మాత్రం స్తోత్రం చెప్పింది. ఆకులు వేస్తుంటే నేను లేచి, ఇవాళ శనివారం, నాకు ఒక్కపొద్దు, పగలు అన్నం తినను అన్నాను. చిన్నప్పటి నుంచీ నేను ఏ వారమూ ఒక్కపొద్దు ఉన్నదాన్ని కాదు.

“ముందే అడక్క పోతిని. తప్పు నాదేలేమ్మా” అంది ఆమె. లోపలికి పోయి రెండు అరటిపండ్లు తెచ్చి నా చేతిలో పెట్టింది.

అది మొదలు, నేను కావలికి బదిలీ అయ్యేదాకా, ప్రతి శనివారం ఒంటిపూట గంట కొట్టగానే నా బల్లమీద రెండు అరటిపండ్లు ఉండేవి. అవి సంచిలో వేసుకుని గదికి పోయి, తలుపు దగ్గరకు వేసి, కడుపునిండా అన్నం తినేదాన్ని. ఒక శనివారం తిని చెయ్యి కడుక్కోవడానికి బయటికొస్తే గడప పక్కన చెక్కిన ఎలనీరు బొండాం ఉంది. పిలవకుండా పెట్టి పోయిందేమిటా, ఏదో తొందరలో ఉందేమో అనుకున్నాను.

పోయిన శనివారం రైల్లో గూడూరు చేరి, అక్కడినుంచి బస్సులో వెళ్ళాను. చర్చి నిండా జనం. ఒక్కొక్కరే లేచి ఆమె చేసిన మేలు చెప్తున్నారు. నా వంతు వచ్చింది. ఆమె నాకు పాఠం చెప్పడం నేర్పిందని చెప్పి కూర్చున్నాను. గంజి మాట చెప్పలేదు.

బంతి వేశారు. చేపల పులుసు వాసన వస్తోంది. టీచరమ్మ చెల్లెలు నా దగ్గరికి వచ్చి, కొంగు చాటున తెచ్చిన రెండు అరటిపండ్లు అందించింది.

నేను తీసుకోలేదు. “నాకు ఒక్కపొద్దు లేదమ్మా. ఎప్పుడూ లేదు. అన్నం పెట్టు” అన్నాను.

ఆమె ఆశ్చర్యపోలేదు. “అక్కకు తెలుసులేమ్మా. ఆ పొద్దు బొండాం ఇచ్చేదానికి వచ్చి, మీరు అన్నం తింటా ఉంటే చూసి, గడప కాడ పెట్టేసి వచ్చేసింది.”

“మరి ఈ పండ్లు?”

“పెట్టమనే చెప్పి పోయినాది. తన నోటితో అన్నం అడిగితేనే ఆకు వెయ్యి, అడక్కపోతే పండ్లిచ్చి పంపించు, అంతమందిలో ఆ బిడ్డను ఇబ్బంది పెట్టబాకు అనింది.”

పండ్లు పక్కన పెట్టి ఆకు వేసింది. అన్నం పెట్టి, పులుసు పోసింది. కలిపాను. ఎంతో సిగ్గుపడుతూ చెప్తున్నాను, తొలి ముద్ద ఎత్తేముందు కూడా, మా వాళ్ళెవరైనా చూస్తున్నారేమోనని నా కళ్ళు ఒకసారి గుమ్మం వైపు పోయాయి. అక్కడ ఎవరూ లేరు. తిన్నాను. ఆ రెండు అరటిపండ్లు చివరిదాకా నా ఆకు పక్కనే ఉన్నాయి.