కుట్టిన పాగాలు

డూంగర్‌సింగ్ తల కొలవడానికి టేపు వాడగా నేనెప్పుడూ చూడలేదు. పెళ్ళికొడుకైనా పెద్దమనిషైనా ముందు రెండు అరచేతులూ తల మీద ఆనించి ఒక్క నిమిషం కళ్ళు మూసుకునేవాడు.

"ఏంటన్నా, తలలో ఏముందో వెతుకుతున్నావా?" అని నేను ఏడిపించేదాన్ని.

"ఉంటే దొరకదా, జైతూన్ చెల్లెమ్మా!" అనేవాడు.

జోధ్‌పూర్‌లో మా రంగులద్దే వీధి చివర అతని గది. నేనద్దిన గుడ్డలు అతని చేతుల మీదుగా పాగాలై ఊళ్ళో తలలెక్కేవి. ముప్పై ఏళ్ళు అలా గడిచాయి.

తొమ్మిది మీటర్ల గుడ్డ. ఇద్దరు చెరో మూల పట్టుకుని ఐమూలగా లాగి మడతలు పెట్టాలి. ఒక కొస వీపు మీదుగా నడుము దాకా వదలాలి. మిగతాది కుడి చెవి పైనుంచి ఏటవాలుగా ఎక్కి, ఎడమ చెవి పైకి దిగి, చుట్టు మీద చుట్టు పడాలి. ప్రతి చుట్టూ కిందిదాన్ని సగమే కప్పాలి. చివరి కొస నెత్తి మీద పరిచి లోపలికి దోపాలి. సూది లేదు, పిన్ను లేదు, గుడ్డను గుడ్డే పట్టుకోవాలి. చెప్పడానికి ఇంతే. నేనొకసారి మా ఆయన తలకు కట్టబోతే మూడో చుట్టుకే జారి ఆయన ముక్కు మీద పడింది.

డూంగర్‌కు గుడ్డ రెండో మూల పట్టేవాడు ఘేవర్, బట్టల కొట్టువాడు. పదిహేనేళ్ళ కిందట వాళ్ళిద్దరూ గుళ్ళో పాగాలు మార్చుకున్నారు. మా దగ్గర పాగాలు మార్చుకుంటే అన్నదమ్ములే. తోడబుట్టినవాడు మోసం చేసినా లోకం సర్దుకుంటుంది గానీ, పాగా మార్చుకున్నవాడు చేస్తే సర్దుకోదు. తోబుట్టువులు లేని డూంగర్, ఘేవర్ కూతురు పుష్పను నా కూతురే అని చెప్పుకు తిరిగేవాడు. నాకు మాత్రం ఘేవర్ ఏనాడూ నచ్చలేదు. చెబితే డూంగర్ వినేవాడా?

కిందటి వానాకాలంలో ఘేవర్ ఇరవై చెక్క తలలు మోసుకొచ్చాడు.

"అన్నా, కొట్లో పెట్టుకుంటా. ఒక్కో కులానిది ఒక్కోటి కట్టిపెట్టు. నీ చేతి కట్టు చూసి రోడ్డు మీద జనం ఆగిపోవాలి."

డూంగర్ పొంగిపోయాడు. గొర్రెల కాపరుల కట్టు, షావుకార్ల కట్టు, రాజపుత్రుల కట్టు, అన్నీ కట్టాడు. ఎవరికీ నేర్పని మెలికలు కూడా వేశాడు. గుడ్డలన్నీ నేనే అద్దాను. ఆ తప్పులో నాకూ వాటా ఉంది.

పుష్ప పెళ్ళి రోజు డూంగర్ గోళ్ళు కత్తిరించుకుని, గుడ్డల మూట భుజాన వేసుకుని పొద్దున్నే బయల్దేరాడు. రెండో మూట నేను మోశాను. పందిట్లోకి వెళ్ళి చూద్దుము గదా, అందరి తలల మీదా పాగాలున్నాయి! అట్టపెట్టెల్లోంచి తీసి టోపీల్లా తగిలించుకుంటున్నారు.

డూంగర్ ఒకటి తీసి తిప్పి చూశాడు. మెలిక అతనిదే. లోపల అట్ట, జిగురు, మిషను కుట్టు.

"ఎన్నాళ్ళ నుంచిరా ఇది?"

"కోప్పడకన్నా. ఇప్పుడు అరగంట సేపు నీ ముందు తలొంచుకు కూర్చునే ఓపిక ఎవడికుంది? నువ్వు కట్టిన ఆ చెక్క తలలు చూసి ఊరవతల షెడ్డులో కుట్టిస్తున్నా. నీ పేరే పెట్టా, చూడు."

నిజమే, పెట్టె మీద డూంగర్ పాగా అని అచ్చేసి ఉంది.

"నాతో ఒక్క మాటన్నా అనలేదేం?"

"అంటే కట్టేవాడివా?"

నాకు ఒళ్ళు మండిపోయింది. "తిన్నింటి వాసాలు లెక్కపెట్టావు కదరా!" అన్నాను.

"నీ రంగులు నువ్వు చూసుకో అక్కా," అన్నాడు.

ఇంతలో పెళ్ళికొడుకు తాత అడ్డం తిరిగాడు. "అట్టపెట్టె నెత్తిన పెట్టుకుని మేము మీ పిల్లను చేసుకోవాలా? కట్టేవాణ్ణి పిలవండి, లేదంటే బండ్లు తిప్పేస్తాం."

ఘేవర్ గబగబా వచ్చి తన తలమీది పాగా తీసి డూంగర్ కాళ్ళ దగ్గర పెట్టాడు. అంతకు మించిన వేడుకోలు మా దేశంలో లేదు. కానీ అదీ కుట్టినదే. నేల మీద ఒక్క మడతా చెదరకుండా కూర్చుంది.

డూంగర్ దాని వైపు చూశాడు. తర్వాత వెళ్ళి తాత తల మీద అరచేతులు పెట్టి కళ్ళు మూసుకున్నాడు. కట్టు అద్భుతంగా వచ్చింది. పుష్పను దీవించి, మెతుకు ముట్టకుండా ఇంటికొచ్చేశాడు.

మర్నాడు బోడితలతో నా దగ్గరికొచ్చి రంగెయ్యని గుడ్డ అడిగాడు. మా వీధుల్లో ఇంట్లో చావు జరిగితేనే తెల్ల పాగా కడతారు.

"ఎవరు పోయారన్నా?"

"తమ్ముడు."

గది ముందు చాప పరిచి, తెల్ల పాగాతో కూర్చున్నాడు. పన్నెండు రోజులు కూర్చోవాలి. సంగతి తెలిసినవాళ్ళు కూడా వచ్చి, నవ్వకుండా పరామర్శించి వెళ్ళారు.

మూడో రోజు ఘేవరే వచ్చాడు. "అన్నా, బతికుండగానే నాకిదేం పనన్నా? లే అన్నా, ఊరంతా ఉమ్మేస్తోంది."

డూంగర్ అతనికి చేతులు జోడించి చాప చూపించాడు.

"కూర్చో నాయనా. మా తమ్ముడు చాలా మంచివాడు. నీకు తెలుసా వాణ్ణి?"