కుక్కల షెడ్డులో నా సంతకం

కుక్కల మీద అర్జీ రాసింది నేనే. నా చేతిరాత గుండ్రంగా ఉంటుందని మా వీధిలో ఏ కాగితం పనైనా నా నెత్తినే వేస్తారు.

మాది గద్వాల చీరలు నేసే ఊళ్లలో ఒకటి. ఏ ఊరో రాయడానికి ఇప్పటికీ భయమే. పొద్దున్నే పడుగును, అంటే చీర నిలువు పోగులను, వీధి పొడవునా సాగదీసి గంజి పట్టిస్తాం. ఆ వాసనకు కుక్కలు చేరి పోగులు నాకేవి, తెంపేవి. ఒకరోజు రెండు కుక్కలు కొట్లాడుకుంటూ మా పడుగులోనే పడ్డాయి. చిక్కు విప్పేసరికి రెండు రోజులు పట్టింది. ఒళ్లు మండి సర్కారుకు రాసేశాను: "మా వీధిలోని కుక్కలన్నిటినీ పట్టుకుపోగలరు." మొదటి సంతకం నాది. తర్వాత వీధంతా పెట్టింది. ఎదురింట్లో ఒంటరిగా ఉండే అవ్వ వేలిముద్ర వేసింది. "ఏం రాసినవో నాకేం తెల్సు బిడ్డా, నువ్వు రాసినవంటే మంచిదే రాస్తవ్" అంది.

అన్నిటినీ అని రాసినప్పుడు మా ఇంట్లోది నాకు గుర్తే రాలేదు. ఖాళీగా ఉన్న మా రెండో మగ్గం గుంటలో, అదే కాళ్లు పెట్టుకుని కూర్చునే గుంటలో, ఒక నల్ల కుక్క నాలుగు పిల్లల్ని పెట్టింది. మగ్గం గుంటలో పుట్టిన ప్రాణిని కదపకూడదని మా ఇంటి పట్టింపు. అవి కళ్లు తెరిచి బయటికొచ్చేదాకా ఆ మగ్గం జోలికి పోము. నా భార్య దానికి రోజూ జొన్నరొట్టె పెట్టేది. నా లెక్కలో అది వీధి కుక్క కానే కాదు.

కుక్కల్ని పట్టే బండి వచ్చిన రోజు నేను నూలు కోసం బయటికి పోయాను. తిరిగొచ్చేసరికి నా భార్య గుమ్మంలో కూర్చుని ఉంది.

"నల్లది నీళ్ల కోసం గడప దాటిందో లేదో, మెడకు ఉరేసి ఎత్కపోయిండ్రు. పిల్లలున్నయి నాయినా అని ఎంత మొత్తుకున్నా ఇనలే. అర్జీల అన్నీ అని రాసుందంట. ఎవరయ్యా గట్ల రాసింది?" అంది, తెలియనట్టు.

నూలుపోగును పాలలో ముంచి పిల్లల నోట్లో పెట్టాం. చప్పరించలేదు. మర్నాటికి ఒకటి చల్లబడిపోయింది. మిగిలిన మూడూ గుంటలో ఒకదాని కింద ఒకటి దూరుతూ సన్నగా ఏడుస్తున్నాయి. సర్కారు ఆఫీసంటే నాకు ముందునుంచీ దడ. రేషన్ కార్డు పనికి పోయినా నోరు ఎండిపోతుంది. అయినా పోక తప్పలేదు.

ఊరి బయట, పట్టిన కుక్కల్ని ఉంచే రేకుల షెడ్డు. గోడ మీద నీలం రంగుతో నియమాలు రాసి ఉన్నాయి. పాలిచ్చే తల్లిని పట్టరాదు. పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేశాక పట్టిన చోటే వదలాలి. చివర 'ఫిర్యాదులకు' అని రాసి, నంబరు వేయడం మరిచిపోయారు.

లోపల అన్ని కుక్కలున్నా ఒక్కటీ మొరగడం లేదు. నాకు మొదట భయం పుట్టింది ఆ నిశ్శబ్దానికే. నీళ్ల తొట్లు ఎండి పాకుడు పెచ్చులు కట్టింది. మా నల్లది చన్నులు పాలతో గట్టిపడి నిలబడలేక నిలబడి ఉంది. దాని పక్కనే అవ్వ గడపలో పడుకునే ఎర్ర కుక్క. నన్ను గుర్తుపట్టి తోక ఊపింది, ఊచల్లోంచి మూతి బయటపెట్టింది.

షెడ్డు చూసుకునే ఆయన నా అర్జీ తీసి ముందు పెట్టాడు. "నీ సంతకమే గదా? నువ్వే బండిని పిలిపిస్తివి. మల్ల కుక్క కావాల్నంటే ఎట్ల?"

"సార్, పిల్లలు కళ్లు తెర్వలే సార్. ఒకటి సచ్చిపోయింది."

ఆయన రిజిస్టరు తెరిచాడు. మా వీధి కుక్కలన్నీ అందులో ఉన్నాయి. ఆపరేషన్ అయినట్టు, దానికి గుర్తుగా చెవి కొన కత్తిరించినట్టు, మా వీధిలోనే తిరిగి వదిలినట్టు, అన్నీ నింపేశారు. నేను బోనుల వైపు తలతిప్పి చూశాను. ఒక్కదాని చెవికీ కోత లేదు. వదిలామని రాసినవి నా కళ్లముందే ఉన్నాయి. వదలడం చూసిన వీధివారి సంతకం అన్నచోట మాత్రం ఖాళీ.

"రేపు పైనుంచి తనిఖీకి వస్తుండ్రు. జర గీడ సంతకం పెట్టి నీ కుక్కను తీస్కపో."

"మరి మిగతావి సార్?"

"నీకెందుకు?"

గట్టిగా కూడా అనలేదు. గుంటలో మూడు పిల్లలున్నాయి, మళ్లీ అడిగితే ఇది కూడా దక్కదు అనుకున్నాను. పెట్టేశాను, గుండ్రంగా, పూర్తి పేరుతో. నల్లదాన్ని ఎత్తుకుని బయటికొస్తుంటే ఎర్రది ఒక్కసారి కుయ్‌మంది. నేను వెనక్కి చూడలేదు.

ఇంటికి రాగానే నల్లది గుంటలోకి దూకింది. మూడు పిల్లలూ చన్నుల్ని పట్టుకున్నాయి. నా భార్య కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. "తక్కినవి?" అని అడిగింది. "వస్తయి" అన్నాను.

రాలేదు. నాలుగో రోజు అటుగా పోతే బోనులన్నీ ఖాళీ. నేలంతా ఫినాయిల్ వాసన. అవి ఏమయ్యాయో అడిగే ధైర్యం నాకు లేదు. అడిగితే, వదిలినట్టు చూసింది నువ్వే కదా అంటారు. అప్పటినుంచి వీధిలో జీపు చప్పుడైతే చాలు, పోగుల మధ్య అటూ ఇటూ ఆడే నాడె నా చేతిలో ఆగిపోయేది.

అవ్వ రోజూ గడపలో రొట్టెముక్క పెట్టి, సాయంత్రం తనే తీసేది. ఒకరోజు మా ఇంటికొచ్చి నా మగ్గం పక్కన చతికిలపడింది.

"షెడ్డుకు పోయొచ్చిన బిడ్డా. మన వీధిలనే ఇడిసిపెట్టిండ్రంట. మనోళ్లే ఎవరో చూసి సంతకం పెట్టిండ్రని బుక్కు కూడా చూపిచ్చిండ్రు. నాకు సదువు రాదాయె. రేపు నాతోని వస్తవా? గా పేరు చదివి చెప్పు. నా కుక్క ఎటు పోయిందో గా మనిషినే అడుగుత."

"వస్త అవ్వా" అన్నాను.

మర్నాడు తొమ్మిదింటికి ఆటో మా గుమ్మం ముందుకే వచ్చి ఆగింది. అవ్వ అప్పటికే లోపల కూర్చుని ఉంది. నన్ను చూసి, కూర్చోమని పక్కకు జరిగింది.