పంతులుగారింటికి కోనాం చేప

ఆ రోజుల్లో నా చేతివేళ్ళు నావి కావు, మా నాన్నవి. ఆయన శ్రీకాకుళంలో ఫిడేలు మాస్టారు, ఆయన తండ్రి విజయనగరంలో ఫిడేలు మాస్టారు. కాబట్టి నేను కొబ్బరికాయ కొట్టకూడదు, నూతిలో నీళ్ళు తోడకూడదు, తలుపు సందుల దరిదాపులకి పోకూడదు (ఈ పనులన్నీ నా వంతుకి కూడా మా చెల్లే చేసేది, ఆ కోపం దానికి ఇప్పటికీ ఉంది). ఇంత భద్రంగా పెరిగినవాణ్ణి డిగ్రీ రెండో ఏడాదిలో కాలేజీ ఫుట్‌బాల్ జట్టుకి గోల్‌కీపర్‌నయ్యాను. అంటే, ఆ ఆట మొత్తంలో చేతులతో ఆడే ఒకే ఒక్క మనిషిని. నా తెలివి ఎప్పుడూ అంతే.

తప్పు పూర్తిగా నాది కాదు. మిగిలిన పదిమందీ సముద్రం ఒడ్డు పేట కుర్రాళ్ళు, వలలు లాగే ఇళ్ళ పిల్లలు. ఇసకలో వట్టి కాళ్ళతో ఆడి పెరిగారేమో, గడ్డి మీద వదిలితే ఆగేవారు కాదు. గోలు దగ్గర ఎవణ్ణి నిలబెట్టినా అయిదు నిమిషాల్లో అవతలి గోలు దగ్గర తేలేవాడు. విసిగిపోయిన పీడీ మాస్టారు ఒకరోజు నన్ను లైబ్రరీ మెట్ల మీంచి లాక్కొచ్చారు. "రోజూ నాలుగు గంటలు కదలకుండా కూచుని సాధన సేస్తావంట గదా! నిలబడలేవేటి?" అన్నారు. నిలబడ్డాను. క్రికెట్ కీపరు గ్లవుసులు తొడిగారు. ఇంట్లో సంస్కృతం స్పెషల్ క్లాసులని చెప్పాను (మధ్యలో వచ్చిన పరీక్షల్లో నా మార్కులు చూసి మా నాన్న ఆ సంస్కృతం లెక్చరర్ని, పాపం, చాలా తిట్టుకున్నారు).

మా కెప్టెన్‌ని అందరూ తెప్ప అనేవారు, ఎంత కష్టంలో పడేసినా మునగడని. నా పేరు ఫిడేలు. ఆ ఏడాది మేం ఒక్క మ్యాచీ ఓడలేదు. సెమీఫైనల్‌కి సాలూరు దాకా ఖాళీ లారీలో వెళ్ళి, మూడు గోల్స్ కొట్టి, చింతపండు బస్తాల మీద కూర్చుని పాటలు పాడుకుంటూ తిరిగొచ్చాం. అందులో నా గొప్పేమీ లేదు. బంతి నా దాకా వస్తే కదా! నేను గోలు కొయ్యకి ఆనుకుని మనసులో వర్ణం సాధన చేసుకునేవాణ్ణి. ఎందుకంటే వచ్చే నెలలోనే నా మొదటి కచేరీ. దానికోసం నాన్న పొందూరు పంచె కొని, కర్పూరం బిళ్ళ వేసి, ట్రంకు పెట్టెలో దాచారు. ఆయనకి అంతకంటే పెద్ద పండగ లేదు. ఆ సంగతి తెలిసీ నేను ఎచ్చెర్ల యూనివర్సిటీ గ్రౌండులో ఫైనల్ ఆడటానికి వెళ్ళాను.

అక్కడ బంతి మొదటిసారి నన్ను వెతుక్కుంటూ వచ్చింది. రెండుసార్లు కళ్ళు మూసుకుని ఆపాను. మూడోసారీ ఆగింది కానీ, ఎడమచేతి చిటికెనవేలు వెనక్కి తిరిగి నా మొహంలోకే చూసింది. ఇంకా పది నిమిషాల ఆట ఉంది, ఎవరికీ గోలు పడలేదు. మా పన్నెండోవాడు అక్క పెళ్ళికి పోయాడు. నేను ఏడుపు మొదలుపెట్టాను. నొప్పికి కాదు, ట్రంకు పెట్టె గుర్తొచ్చి.

"ఏటైందిరా? సూపించు," అంటూ తెప్ప వచ్చాడు. చెయ్యి పట్టుకుని చూశాడు. "ఈ ఏలితోనేనేట్రా నువ్వు వాయిస్తావు?" అన్నాడు. తలూపాను. వాడే నా గ్లవుసులు మెల్లగా లాగి, చొక్కా మార్చుకుని, "నువ్వు ఆళ్ళ గోలు కాడికెళ్ళి నిలబడు. ఏటీ సెయ్యకు, పడిపోకుండా ఉంటే సాలు," అన్నాడు.

వెళ్ళి నిలబడ్డాను. ఆఖరి నిమిషంలో మావాళ్ళకి కార్నర్ దొరికింది. బంతి గాల్లోకి లేవడం చూసి, వేలిని గుండెకి హత్తుకుని, వీపు తిప్పి ముడుచుకుపోయాను. తల వెనక ధడేల్మంది. కళ్ళు తెరిచేసరికి పదిమందీ నా మీద ఉన్నారు. మేం ఛాంపియన్లమని గ్రౌండులో అందరికంటే ఆఖరున తెలిసినవాణ్ణి నేనే.

మావాళ్ళ సముద్రం ఒడ్డు పేటలో ఒక ఆచారం ఉంది. వల లాగినప్పుడు తాడు మీద చెయ్యి వేసిన ప్రతివాడికీ పాలు (అంటే వాటా) ఉంటుంది, ఆ పాలు ఇంటికి చేరి తీరాలి. లాగుతూ దెబ్బ తిన్నవాడుంటే పెద్ద చేప వాడిది. కప్పు గెలవడం కూడా వాళ్ళ లెక్కలో వల లాగినట్టే. మర్నాడు పొద్దున్న నాన్న పిల్లలకి సరళీస్వరాలు చెప్తుండగా (నేను చెయ్యి వెనక్కి పెట్టుకుని చాప చివర కూర్చున్నాను) వీధిలో డప్పులు వినిపించాయి. జట్టంతా వచ్చింది. ముందు తెప్ప నానమ్మ, ఆవిడ నెత్తి మీద గంప, గంపలో నా చెయ్యంత కోనాం చేప. ఉల్లిపాయ కూడా దొడ్డిదారినే వచ్చే ఇల్లు మాది.

"పంతులుబాబూ, ఇది నీ కొడుకు పాలు. ఏలు ఇరిగినా ఆట ఒగ్గీనేదు. కప్పు ఆడే తెచ్చినాడు," అంది ముసలమ్మ. నాన్న చేపని చూశారు, నన్ను చూశారు. "ఏ ఆట? ఏ వేలు?" అన్నారు. సంస్కృతం క్లాసులన్నీ ఆ క్షణంలో ముగిసిపోయాయి.

తెప్పకి అప్పటికి వెలిగింది. "నానమ్మా, ఈళ్ళు తినరే!" అన్నాడు గుసగుసగా. "తినకపోతే మానీ. పాలు కాదంటే మా వల ఒట్టిగా వస్తాది బాబూ," అంది ఆవిడ, కళ్ళలో నీళ్ళతో.

నాన్న కమాను కింద పెట్టారు. అరుగు దిగి, వాయించబోయే ముందు ఫిడేలుని తాకినట్టే రెండు వేళ్ళతో ఆ చేప తల తాకారు. అలవాటుగా కళ్ళకద్దుకోబోయి, మధ్యలో ఆగారు. "అందిందమ్మా. ఇక మీరే పట్టుకెళ్ళి మావాడి పేరు చెప్పుకుని తినండి," అన్నారు. డప్పులు మళ్ళీ మోగాయి.

వాళ్ళు వెళ్ళాక ఆయన చేతులు కడుక్కుని, ట్రంకు పెట్టె తెరిచి, ఆ పొందూరు పంచె అంచు చర్రున చింపారు. "ఇప్పట్లో దీంతో పనిలేదులే," అంటూ నా వేలికి కట్టు కట్టారు. తిడితే బావుండుననిపించింది. కట్టు బిగించాక, "ఇంతకీ గోలు దేంతో కొట్టావు?" అన్నారు.

"తల వెనకతో."

"పోన్లే, దానికైనా వేలు వాడలేదు," అన్నారు.

వేలు కొంచెం వంకరగా అతుక్కుంది. ఏడాది తర్వాత జరిగిన కచేరీలో పైస్థాయిలో ఒక చోట స్వరం వెంట్రుకవాసి జారింది. ముందు వరసలో తాళం వేస్తున్న నాన్న పైకే అనేశారు, "చేప పడింది" అని. ఆ తర్వాత ఆయన ఉన్నన్నాళ్ళూ ఆ స్వరం దగ్గర ఆ మాట అంటూనే ఉన్నారు.

ఇప్పుడు నేనూ ఫిడేలు మాస్టార్నే. ఆ స్వరం ఇప్పటికీ అక్కడే జారుతుంది. సాధన చేస్తే సరిపోతుందేమో కానీ, చెయ్యబుద్ధి కాలేదు. జారగానే కమాను ఆపి ఒక్క క్షణం వింటాను. ఎవరూ ఏమీ అనరు. ఇక నేనే అంటాను, "చేప పడింది" అని. నా దగ్గర నేర్చుకునే పిల్లలు చాప ఎత్తి కిందకి చూస్తారు.