ముంగిస నవాబు దండు

మహబూబున్నీసా ఏడో ఏట తునికాకు కత్తెర పట్టింది. ముప్పై ఏడో ఏడు వచ్చేదాకా ఆమె ఒడిలోంచి బీడీల చాట దిగిన రోజులు చాలా తక్కువ. సిద్దిపేటలో ఆమె ఉండే గల్లీలో ఇంటింటా అదే పని. పొద్దున ఆకు తడపడం, కత్తిరించడం, తంబాకు పోసి చుట్టడం, మూతి మడిచి దారం కట్టడం. పిల్లలు లేరు. భర్త చనిపోయాక మరిది జానీ పాషా ఇంట్లోనే ముందు గదిలో ఉండేది. పక్కింటి కొండవ్వ రోజూ తన చాట తెచ్చుకుని అరుగుమీద ఆమె పక్కనే కూర్చునేది.

1988 వానాకాలంలో కిరాణా దుకాణంవాడు బెల్లం ఒక నున్నటి రంగుల కాగితంలో కట్టిచ్చాడు. పట్నం నుంచి తూకానికి వచ్చిన పాత పుస్తకాల్లోది. ఇంటికొచ్చి బెల్లం డబ్బాలో వేసి కాగితం పారేయబోతూ మహబూబున్నీసా ఆగిపోయింది. అందులో ఒక బల్ల ఉంది. బల్లమీద చిన్న చిన్న గుట్టలు, చెట్లు. వాటి మధ్య బొటనవేలంత ఎలుకలు ఇనుప చొక్కాలు తొడుక్కుని, కత్తులు దూసి, టోపీ పెట్టుకున్న పిల్లిమీదికి పోతున్నాయి. బల్ల అంచున ఒక మనిషి చెయ్యి. గడియారం ఉన్న పెద్దమనిషి చెయ్యి.

ఆ కాగితం పట్టుకుని ఆమె పక్క వీధిలో కాంపౌండర్ పని చేసే సామ్యూల్ దగ్గరికి వెళ్లింది. సామ్యూల్ కళ్లద్దాలు తుడుచుకుని ఇంగ్లీషు కూడబలుక్కుంటూ చదివాడు.

"ఇది ఆటనట, బేగం. రెండు దండులుంటయి. ఒక్కొక్కరికి ఐదారు బొమ్మలు. బొమ్మ ఎంత దూరం నడవాల్నో కొలిచి జరపాలె. పాచికలేసి కొట్లాడాలె."

"ఎవరు గెలుస్తరు? ఎట్ల గెలుస్తరు?"

"అది ఇంకో పేజీల ఉందట."

"ఆ పేజీ ఏది?"

"ఎవరింటికో ఏ ఉప్పో పప్పో కట్టుకుని పోయి ఉంటది."

మిగతా ఆట ఆమె తానే కట్టుకుంది. కోమటిచెరువు నుంచి నల్లమట్టి తెచ్చి జంతువులు చేసింది. కుమ్మరి బట్టీలో ఒక మూల పెట్టించి కాల్పించింది. గోళ్ల రంగుతో కళ్లు దిద్దింది. గొడుగు తీగ ముక్కలు కత్తులయ్యాయి. అగ్గిపుల్లలు బల్లేలయ్యాయి. ఆమె దండుకు పెద్ద షేర్వాణీ తొడిగిన ముంగిస. పేరు నవాబు. వాడి వెంట ఎర్ర రుమాళ్లు కట్టిన మూడు నక్కలు, డప్పు వేసుకున్న ఎలుగుబంటి. కొండవ్వకు మేకల దండు చేసిచ్చింది. అందులో గొంగడి కప్పుకుని కర్ర పట్టిన ముసలి మేకపోతును కొండవ్వ మల్లిగాడని పిలిచేది.

ఒక పాత తలుపు చెక్క ఆట పలక అయింది, దానిమీద రాళ్లే గుట్టలు. కొలవడానికి టేపు లేదు. బీడీ ఉంది. ఎలుగు ఒక బీడీ దూరం నడవాలి, మేక రెండు, నక్క మూడు. కొట్లాటకు నాలుగు గవ్వలు. వెల్లకిలా పడ్డవి దెబ్బలు. ఎదుటి బొమ్మ రాయి చాటున ఉంటే ఒక దెబ్బ తగ్గుతుంది. మూడు దెబ్బలు తిన్న బొమ్మ పలకమీంచి దిగిపోవాలి. పెద్ద దిగిపోతే ఆ దండు ఓడినట్టే.

ఆదివారాలు బీడీల పని లేని మధ్యాహ్నం ఇద్దరూ అరుగుమీద పలక పరిచేవారు. మొదటిసారి మల్లిగాడు నవాబు నక్కను కొట్టి కిందికి దించినప్పుడు కొండవ్వ చప్పట్లు కొట్టి, తన నోరు తానే మూసుకుంది. యాభై దాటిన మనిషి. అంత గట్టిగా ఎప్పుడు నవ్వానో ఆమెకే గుర్తు లేదు.

ఆ నవ్వే గల్లీ దాటి జానీ పాషా సైకిల్ దుకాణం దాకా పోయింది. పంక్చరు వేయించుకోవడానికి వచ్చినవాళ్లు అడగడం మొదలుపెట్టారు. మీ వదినె గవ్వలాడుతుందట గదా. బొమ్మలతోని మాట్లాడుతదట గదా. ఒక ఆదివారం అతను దుకాణం నుంచి సరాసరి వచ్చి, పలకను అరుగుమీంచి కిందికి తోశాడు. నేలమీద పడ్డ బొమ్మలను చెప్పుకాలితో తొక్కాడు. పదకొండింటిలో నాలుగు మిగిలాయి.

"ఇజ్జత్ తీస్తున్నవు, భాభీ. ముప్పై ఏడేండ్లు వచ్చినయి నీకు."

మహబూబున్నీసా ఏడవలేదు. పెంకులన్నీ చాటలోకి ఊడ్చింది. మర్నాడు వాటిని రోట్లో దంచి, పొడిని కొత్త మట్టిలో కలిపి పిసికింది. అట్లా చేస్తే మట్టి పగలకుండా కాలుతుందని కుమ్మరి చెప్పాడు. పదిహేను రోజుల్లో ఇరవై రెండు జంతువులు తయారయ్యాయి.

"మల్ల తొక్కుతడు గదనే," అంది కొండవ్వ.

"ఇంట్ల ఉంటె తొక్కుతడు. నడువు కొండక్కా, బజార్ల ఆడుదాం."

ఆ ఆదివారం ఇద్దరూ పలక చెరో కొసన పట్టుకుని చాయ్ హోటల్ ముందున్న గద్దె మీదికి తెచ్చి పెట్టారు. అక్కడ రోజూ మగవాళ్లు కూర్చుంటారు. ఒక మూల పేకాట, ఇంకో మూల పులిమేక. గవ్వలు గలగలమనేసరికి హోటల్లో గ్లాసుల చప్పుడు ఆగింది. కొందరు నవ్వారు. ఒకడు ఈల వేశాడు. మహబూబున్నీసా తలెత్తకుండా నక్కను మూడు బీడీలు జరిపింది. ఆమె చెవులు కాలిపోతున్నాయి.

కాసేపటికి చాయ్ తాగడానికి వచ్చిన కానిస్టేబుల్ జనాన్ని తోసుకుని ముందుకొచ్చాడు.

"ఏందిది? జూదమా?"

"పందెముంటెనే గద సార్ జూదం. పైసా ఎక్కడన్న కనవడ్తుందా?" అంది మహబూబున్నీసా.

"ఆడోళ్లు గిట్ల బజార్ల కూసోని ఆడుడేంది?"

"గా మూలకు చూడున్రి సార్. వాళ్ల ముందట పేకలున్నయి. మా ముందట మేకలున్నయి."

జనం గొల్లుమన్నారు. కానిస్టేబుల్ మొహం ముడుచుకుంది. గుంపులోంచి సామ్యూల్ గబగబా ముందుకొచ్చాడు.

"సార్, ఇది ఆట గాదు. వీళ్లు లెక్కలు నేర్చుకుంటున్నరు. చదువు కోసమన్నట్టు..."

"అబద్ధం చెప్పకు, సామ్యూల్ భాయ్," అంది మహబూబున్నీసా. "దినాం వెయ్యి బీడీలు చుట్టేదాన్ని, నాకు లెక్కలు రావా? ఇది ఆటనే. మేము ఆడుకుంటున్నం. గంతే."

కానిస్టేబుల్ పలకమీదికి వంగి చూశాడు. చాయ్ గ్లాసు పట్టుకుని అక్కడే నిలబడ్డాడు. "ఆ ఎలుగు అంత మెల్లగ నడుస్తదేంది?" అని అడిగాడు. లావుది గద సార్, అంది కొండవ్వ.

అప్పుడొచ్చాడు జానీ పాషా. చేతులకు గ్రీజు అట్లాగే ఉంది.

"లే భాభీ. ఇంటికి నడువు."

"ఆట అయిపోనీ."

"ఇప్పుడు లేవకుంటె మల్ల నా ఇంట్ల అడుగు పెట్టకు."

మహబూబున్నీసా గవ్వలు కింద పెట్టి అతని మొహంలోకి చూసింది.

"నేను ఆ ఇంటికి కోడలుగ వచ్చిన్నాడు నువ్వు పదేండ్ల పోరనివి, జానీ. దినాం గోలీలాడి దుమ్ము కొట్టుకోని వచ్చెటోనివి. నీ కాళ్లు కడిగి బువ్వ పెట్టిన. ఎందుకాడినవని ఒక్కనాడన్న అడిగిన్నా? నాకు ఆట గీ వయసుల దొరికింది. ఇడిచిపెట్ట. సామాను రేపు తీసుకపోత. ఇప్పుడు నా వంతు ఉంది, జర పక్కకు జరుగు, వెలుగుకు అడ్డమున్నవు."

జానీ పాషా పక్కకు జరగలేదు. వెనక్కి తిరిగి వెళ్లిపోయాడు. ఆమె గవ్వలు తీసుకుని వేసింది. ఒక్కటే వెల్లకిలా పడింది. మల్లిగాడు అప్పటికే రాయి చాటున ఉన్నాడు. ఆ తర్వాత కొండవ్వ వేస్తే మూడు పడ్డాయి. షేర్వాణీ తొడిగిన నవాబు పలక దిగిపోయాడు. అంతమంది మగవాళ్ల ముందు మహబూబున్నీసా చిత్తుగా ఓడిపోయి, పొట్ట పట్టుకుని నవ్వింది.

మరునాడు ఆమె ఒక ట్రంకు పెట్టె, రెండు బొంతలు, బొమ్మల గంప తీసుకుని కొండవ్వ ఇంటి వెనక గల్లీలో కిరాయి గదికి మారింది. వానొస్తే కారే గది. మొదటి రంజాన్‌కు ఒంటరిగా ఉపవాసం విడిచింది. ఆ రోజు మాత్రం ఏడ్చిందని కొండవ్వ తర్వాత చెప్పింది. ఏడాది తిరిగాక జానీ పాషా గడప దాకా వచ్చి, ఇంటికి రమ్మన్నాడు.

"వస్త. నీ అరుగుమీద పలక పెట్టుకుంట. సరేనా?"

అతను గడప దగ్గర్నుంచే వెనక్కి తిరిగాడు. ఆమె వెళ్లలేదు. పండుగకు సేమియా మాత్రం పంపుతుండేవాడు. ఆమె తినేది.

కాలం గడిచేకొద్దీ గల్లీలో దండులు పెరిగాయి. షమ్షున్నీసాకు పిల్లుల దండు, రాములవ్వకు కోతుల దండు. కొండవ్వ చెల్లెలు తన పందుల దండును కోహెడ బస్సెక్కించి తీసుకుపోయింది. అక్కడ బీడీకి బదులు పత్తికట్టె ముక్కతో కొలుస్తున్నారని తెలిసి మహబూబున్నీసాకు కోపం వచ్చింది. తానే ఒకసారి బస్సెక్కి పోయి చూసి, వాళ్లతో రెండాటలాడి, రెండూ ఓడి వచ్చింది.

1998లో ఆమె కళ్లకు అద్దాలు వచ్చాయి. ఆ వానాకాలం కప్పల దండు చేసింది. కప్పలు నడవవు, దూకుతాయి. వాటికి కొత్త కొలత కావాలి. ఎంత దూకాలో తేలక నాలుగు ఆదివారాలు హోటల్ గద్దెమీద కొండవ్వతో పోట్లాడింది. అయిదో ఆదివారం ఇద్దరూ ఒప్పుకున్న దూరం మూడు బీడీలు, అదీ పలకమీద పెట్టిన నీళ్ల గిన్నె పక్కన ఉంటేనే.