ఖాలా గులాబీలతో బతుకమ్మ

ఆ రోజుల్లో మాకు తెలంగాణ తప్ప మరో ధ్యాస లేదు. ఎవరు ఎదురైనా ఎప్పుడొస్తుందన్న మాటతోనే పలకరింపు. మా ఆవేశాలతో పనిలేకుండా మోదుగులు మాత్రం వాటి మానాన అవి పూసేవి. జగిత్యాలలో గోడల మీద కాగితంపూలు, గాలి వీస్తే వేపపూత వాసన. ఇంటినిండా మరమగ్గాలే తప్ప పూలకుండీకి జాగా లేని సిరిసిల్ల ఇంటి నుంచి కొత్త ఉద్యోగానికి వచ్చిన నాకు అదంతా వింతగా ఉండేది. నేను అద్దెకున్న మేడగది ముందు చిన్న బాల్కనీ, అందులో పాత రంగుడబ్బాల్లో గులాబీలు, మందారాలు, బంతి. అన్నీ ఇంటావిడవే. ఆమెను వాడకట్టంతా ఖాలా అనేది, నేనూ అంతే (అంటే పిన్నమ్మ, పిన్నమ్మకుండే అధికారాలన్నీ నా మీద చలాయించేది).

కూతురు కాన్పుకని కోరుట్ల దవాఖానకు పోతూ ఖాలా చెట్ల బాధ్యత నాకు అప్పగించింది. "పసిపిల్లను తోలుకొచ్చే దినం బాల్కనీ నిండ పూలుండాలె బిడ్డా. దినాం నీళ్లు పొయ్యి. ఒక్కటి సుత తెంపకు" అన్నది. అలాగేనన్నాను.

ఆ వారమే మా ఆఫీసు ఆడవాళ్లంతా కోరుట్ల రోడ్డు మీద బతుకమ్మ ఆడి రాస్తారోకో చేయాలనుకున్నారు. తంగేడు లేదు, గునుగు లేదు, కాలం కాని కాలం. పూల సంగతి నాకు వదిలేయండని గొప్పగా చెప్పాను, మోదుగులున్నాయన్న ధీమాతో. తీరా పొద్దున్నే పోయి చూస్తే, హోలీ రంగు కాచుకోవడానికి చేతికందిన పూలన్నీ ఎప్పుడో కోసుకుపోయారు. ఖాళీ సంచితో ఇంటికొచ్చి బాల్కనీలో నిలబడ్డాను. ఖాలా రావడానికి ఇంకా నాలుగు రోజులుంది, ఆలోపు మళ్లీ పూయవా అనుకున్నాను. తెలంగాణ కోసం ఈ మాత్రం త్యాగం చేయలేమా అని నాకు నేనే ఉపన్యాసం ఇచ్చుకుని (త్యాగం చేసింది ఖాలా పూలను) మొత్తం తెంపేశాను.

కోరుట్ల రోడ్డు మీద బతుకమ్మ చుట్టూ చప్పట్లు ఊపందుకున్నాయి. ఆగిపోయిన బండ్ల వరసలోంచి ఒక ఆటో దిగి నడిచొస్తున్నది ఖాలా. డాక్టర్లు ముందే ఇంటికి పంపేశారట. ఆటోలో కూతురు, ఒళ్లో పసిపిల్ల. నేను మా పొడుగాటి టైపిస్టు వెనక్కి జరిగాను. ఖాలా బతుకమ్మను ఒకసారి తేరిపార చూసి, సరిగ్గా నా ముందుకొచ్చి నిలబడి, ఈ పూలు నావేనా అని అడిగింది. తల ఊపాను. ఆమె వెనక్కిపోయి పసిపిల్లను తెచ్చి, బతుకమ్మ ముందు వంగి, "సూడు నాయినా, నువ్వొస్తున్నవని సడక్ మీదనే పూలు పెట్టిన్రు" అన్నది. మావాళ్లంతా మురిసిపోయి ఆటోకు దారిచ్చారు. గండం గడిచిందనుకున్నాను.

సాయంత్రం నేను ఇల్లు చేరేసరికి ఖాలా బాల్కనీలో ఉంది. ఒక్కో డబ్బాలో వేలు పెట్టి చూస్తోంది. మట్టి ఎండి పగుళ్లిచ్చింది. ఊరేగింపులతో మూడు రోజులుగా నాకు నీళ్లు పోయాలన్న ధ్యాసే లేదు, పొద్దున పూలు తెంపేటప్పుడూ మట్టి వైపు చూడలేదు.

"పూలు తెంపినవ్, పోనియ్. మల్ల పూస్తయ్" అన్నది నావైపు తిరక్కుండా. "గని నీళ్లెందుకు పొయ్యలే? మీరు తెలంగాణ తెస్తరు సరే, తెచ్చినంక నీళ్లెవలు పోస్తరు?"

ఆ పసిపిల్ల ముఖం చూడ్డానికి కూడా ఆ రాత్రి కిందికి దిగలేకపోయాను. కొన్నేళ్లకు తెలంగాణ వచ్చింది. ఇప్పుడు నాకూ సొంత బాల్కనీ ఉంది. నా కుండీలు నేనే తడుపుకుంటూ, ఒకప్పుడు పూలసంచితో రోడ్డుకు పరుగెత్తిన ఆ పిల్లను తలుచుకుంటే సిగ్గూ నవ్వూ కలిసే వస్తాయి. దాని ఆవేశంలో అబద్ధం లేదు. చెంబు పట్టుకునే ఓపికే లేదు.