రాజుగారి చెంప మీద పినాంగు ముద్ర

ఇవాళ విజయవాడలో స్టాంపుల ఎగ్జిబిషన్‌కి వెళ్లాను. తెల్లదొరల కాలపు ఇండియా స్టాంపు మీద, రాజుగారి చెంపకి అడ్డంగా, నల్లగా పినాంగు పోస్టాఫీసు ముద్ర. "గుద్దు గట్టిగా పడిందండీ, అదే దీని అందం" అన్నాడు స్టాల్ ఆయన. నాకు ఒళ్లు మండిపోయింది.

మన ఈడువాళ్లకి గుర్తుందా, స్టాంపుల్ని సత్తుపళ్లెంలో నానబెట్టి పాత పేపర్ మీద ఆరబెట్టడం? చల్లపల్లిలో మా నాన్నకి అదే పిచ్చి. తాతయ్య ఓడలో వెళుతూ నానమ్మకి రాసిన ఉత్తరం మీది స్టాంపుకి దారిలో పినాంగు రేవులో ముద్ర వేశారు. నాన్నకి ఆ ముద్రంటే ప్రాణం. అమ్మకి మాత్రం అది మసిలా కనబడింది. పళ్లెంలో నానుతున్న స్టాంపుని కుంకుడు రసంతో రుద్దేసింది. ముద్రతో పాటు రాజుగారి ముక్కు కూడా పోయింది.

"రాజుగారి మొహం కడిగానండీ" అంది నవ్వుతూ.

నాన్న పిడికిలి బిగించి ఆ నవ్వు మీదే గుద్దాడు. అమ్మ గోడకి కొట్టుకుని పడింది. నోట్లోంచి నెత్తురు, దాంతో ఒక పన్ను, పళ్లెంలో పడ్డాయి. జుట్టు పట్టి లేపి మళ్లీ చెయ్యెత్తాడు.

వంటింట్లోంచి నానమ్మ పచ్చడిబండతో వచ్చి ఆ చేతి మీద ఒక్కటేసింది. ఎముక విరిగిన చప్పుడు ఇంకా నా చెవుల్లోనే ఉంది.

"ఆ ఉత్తరం వచ్చింది నాకురా! నాకు లేని ఏడుపు నీకెందుకు?"

ముక్కు లేని రాజుగారు ఇప్పుడు నా దగ్గరే ఉన్నారు. అమ్మ ఇప్పటికీ నోటికి చెయ్యి అడ్డం పెట్టుకునే నవ్వుతుంది.

అందుకే స్టాల్ ఆయనతో అనేశాను: "గుద్దులో అందమేంటండీ? తిన్నవాళ్లని అడగండి."