కారు కింద బొంత

వీధిలో అందరూ ఆవిణ్ణి మిషనక్క అంటారు. పెళ్ళయిన ఏడాది చేరిన ఉద్యోగాన్ని జుట్టు నెరిసేదాకా వదల్లేదు. ఆసుపత్రి లాండ్రీ వెనక ఇరుకు గదిలో కూర్చుని చిరిగిన దుప్పట్లు, దిండు గలీబులు, డాక్టర్ల గౌన్లు బాగుచెయ్యడం ఆవిడ పని. అక్కడ అన్నీ తెలుపే, కాదంటే వెలిసిపోయిన ఆకుపచ్చ. కాస్త రంగున్న గుడ్డ కుట్టాలని చేతులు తహతహలాడేవి. అందుకే రిటైరయ్యాక మొట్టమొదట కొనుక్కున్నది సొంత కుట్టుమిషను. దాన్ని కిటికీ పక్కన వేయించుకుంది.

మిషను సొరుగులో గుడ్డ కత్తెర ఒకటుంటుంది. దానితో గుడ్డ తప్ప మరొకటి కొయ్యకూడదని ఆ ఇంట్లో చట్టం. ఒకసారి మొగుడు తెలియక పాలపాకెట్టు కోశాడు. ఆ రోజు తిన్న చివాట్లకి, ఆ మహానుభావుడు ఈనాటికీ పాకెట్టు పంటితోనే చింపుతాడు.

ఇంట్లో మిషనుందని తెలిస్తే వీధి ఊరుకుంటుందా. ఒకరు జిప్పు ఊడిన సంచీ తెస్తారు, ఇంకొకరు పొడుగైన ప్యాంటు తెస్తారు. "ఒక్క కుట్టే కదా అక్కా, ఎలాగూ ఖాళీగానే ఉన్నావుగా" అంటారు. ఆ మాట వింటే ఒళ్ళు మండేది ఆవిడకి. అయినా పళ్ళు బిగబట్టి కుట్టిచ్చేది. "అడిగి చేయించుకున్నది పని, అడక్కుండా ఇచ్చింది కానుక. పని ఎంతైనా చేస్తాను, కానుక జోలికి మాత్రం రావద్దు" అనేది మొగుడితో. తనంతట తానుగా కుట్టి ఇచ్చినవి చాలానే ఉన్నాయి. పక్కింటి ముసలాయన మోకాళ్ళకి దూది పెట్టిన తొడుగులు, పిల్లలకి పెన్సిళ్ళ సంచులు, వేడిగిన్నెలు పట్టుకునే గుడ్డలు.

వాటన్నిటికీ తలమానికం మేనకోడలి బిడ్డకు కుట్టిన బొంత. మేనకోడలంటే తమ్ముడి కూతురు. తల్లి లేని పిల్ల, ఈవిడ చేతుల మీదే పెరిగింది. పెళ్ళయ్యాక మొగుడితో సహా తండ్రి ఇంట్లోనే పై వాటాలో ఉంటోంది. ఆ పిల్ల చిన్నప్పటి గౌన్లు, బడి యూనిఫాం, వాళ్ళమ్మ మిగిల్చి వెళ్ళిన పూలగుడ్డ, అన్నీ ఏళ్ళ తరబడి దాచింది మిషనక్క. వానాకాలమంతా కూర్చుని వాటిని చదరాలుగా కోసింది, రంగుకి రంగు చూసి పేర్చింది, లోపల పల్చగా దూది పరిచింది. అంచు మాత్రం మిషను మీద పెట్టకుండా చేత్తో కుట్టింది. మొగుడు "కళ్ళు పోతాయే" అంటే, "పోతే పోనీ, ఇంకెందుకు దాచుకున్నాను వీటిని" అంది.

బిడ్డకి నడక వచ్చిన రోజుల్లో ఒక ఉదయం తమ్ముడింటికి వెళ్ళింది. తమ్ముడు కార్లు బాగుచేస్తాడు. ఇంటి పక్కనే రేకుల షెడ్డు. కారు కిందనుంచి రెండు కాళ్ళు బయటికి కనిపిస్తున్నాయి. ఆ కాళ్ళ దగ్గర, నేల మీద, పసుపు పూలగుడ్డ అంచు. ఆవిడ వంగి చూసింది. తమ్ముడు ఆ బొంతను వీపు కింద పరుచుకుని దర్జాగా పడుకుని బోల్టు విప్పుతున్నాడు.

"మెత్తగా ఉందా?" అంది.

"బ్రహ్మాండంగా ఉందక్కా. నేల చల్లగా ఉంటే నడుం పట్టేస్తోంది" అన్నాడు కిందనుంచే, పాపం ఏమీ ఎరగనట్టు.

"బయటికి రా."

ఆ గొంతు విని వచ్చాడు. నల్లటి నూనె మరక బొంత మీద చేటంత వెడల్పున పరుచుకుని ఉంది.

"అల్మారా అడుగున పడుందక్కా. పాత గుడ్డముక్కలే కదా అని..."

"నీ పానాతో నేను గోడకి మేకులు కొడితే ఊరుకుంటావా?"

"అది పనిముట్టు. అరిగిపోదూ?"

"అరిగిపోతుంది. మరి నా కళ్ళు?"

ఆవిడ బొంతను చుట్టగా చుట్టి చంకన పెట్టుకుని, జాకెట్టుకి నూనె అంటుతున్నా లెక్కచెయ్యకుండా వీధుల వెంట నడిచి ఇంటికొచ్చేసింది.

ఆ రోజు నుంచి మిషను మీద ముసుగు తియ్యలేదు. జిప్పు పట్టుకొచ్చినావిడ "మిషను పాడైందా అక్కా?" అని అడిగింది.

"మిషను బానే ఉంది. నేనే పాడయ్యాను" అని తలుపేసింది.

తమ్ముడు ఊరుకోలేదు. మర్నాడు బజారుకెళ్ళి, జిప్పున్న ప్లాస్టిక్ సంచీలో పెట్టి అమ్మే లావుపాటి దుప్పటి ఒకటి కొనుక్కొచ్చాడు. "ఇదిగో అక్కా, దానికన్నా మంచిది. చూడు ఎంత బరువుందో" అన్నాడు. ఆవిడ అగ్గి మీద గుగ్గిలమైంది. ఆ దుప్పటిని వాడి చేతిలోనే పెట్టి గుమ్మం దాటించింది. "బరువు కావాలంటే ఇంజను కప్పుకో" అంది.

తరవాత మేనకోడలు వచ్చింది, బిడ్డను చంకనేసుకుని. వస్తూనే కళ్ళనీళ్ళు పెట్టుకుంది.

"నాకు తెలీదత్తా. నాన్న ఎప్పుడు తీశాడో."

"నీకు తెలీకుండా అల్మారా అడుక్కి నడిచి వెళ్ళిందా అది? ఒక్కరోజైనా పిల్ల మీద కప్పావా?"

"లేదు."

"ఎందుకు కప్పలేదు? బాగాలేదా?"

ఆ పిల్ల తలొంచుకుని నెమ్మదిగా అంది. "భయమేసిందత్తా. చేత్తోనే ఉతకాలన్నావు, ఎండలో వెయ్యొద్దన్నావు, పాలు పడకుండా చూడమన్నావు, మడత మార్చి పెట్టమన్నావు. ఇది పిల్ల, పాలు పడకుండా ఎలా ఉంటుంది? పాడైతే నీకు మొహం ఎలా చూపించాలని దాచేశాను."

అన్నీ మిషనక్క అన్న మాటలే. వంటగదిలోకి వెళ్ళి గ్లాసుడు నీళ్ళు తాగింది. కోపం పోలేదు గానీ, ఎవరి మీద పెట్టాలో తెలియక కాస్త ఇబ్బంది పడింది. చివరికి దానికి చోటు దొరికింది.

"మీ నాన్నని ఆదివారం రమ్మను. మంచి చొక్కా వేసుకుని రమ్మను" అంది.

అక్క భోజనానికి పిలిచిందనుకున్నాడు తమ్ముడు. తల దువ్వుకుని, పెళ్ళిళ్ళకి మాత్రమే తొడిగే నీలిచారల చొక్కా వేసుకుని, కూతుర్నీ మనవరాల్నీ వెంటబెట్టుకుని వచ్చాడు. ఆవిడ తన మొగుడి పాత చొక్కా ఒకటి చేతికిచ్చి, "అది విప్పి ఇది తొడుక్కో" అంది. విప్పాడు. బల్ల మీద బొంత పరిచి ఉంది. సబ్బునీళ్ళలో ఎన్నిసార్లు నానబెట్టినా కొన్ని చదరాలకు నలుపు వదల్లేదు. కుట్లు విప్పే పనిముట్టు, కొస రెండుగా చీలి చిన్న కొక్కెంలా ఉండేది, వాడి చేతిలో పెట్టింది.

"మరకలున్న ముక్కలన్నీ విప్పు. దారం తెగాలి, గుడ్డ తెగకూడదు."

ఇంజన్లు విప్పిన చేతికి ఆ సన్నని కుట్లు ఒక పట్టాన దొరకలేదు. వేలు గుచ్చుకుంది, నోట్లో పెట్టుకున్నాడు. ఒక ముక్క విప్పేసరికి చెమట పట్టింది. "ఇన్ని కుట్లా అక్కా" అన్నాడు. ఆవిడ సొరుగులోంచి కత్తెర తీసింది, నీలిచారల చొక్కా బల్ల మీద పరిచింది, సుద్దతో గీత గీసింది.

"అక్కా, అది కొత్తది."

కత్తెర వీపు మధ్యగా సాగిపోయింది. "ఇప్పుడు ముక్కలైందిగా. పాత గుడ్డే" అంది.

వాడు కుర్చీలో కూలబడ్డాడు. మేనకోడలు నవ్వు ఆపుకోలేక బిడ్డ మొహం చాటున మొహం దాచుకుంది. మిషనక్క మొగుడు భార్య కంటపడకుండా పెరట్లోకి జారుకున్నాడు.

సాయంత్రానికి నీలిచారల చదరాలు పూలగుడ్డ పక్కన కుదురుకున్నాయి. చూడ్డానికి బాగానే ఉన్నాయని మిషనక్కకే అనిపించింది, పైకి అనలేదు. బొంతను తీసుకెళ్ళి నేల మీద పరిచి బిడ్డను దాని మీద కూర్చోబెట్టింది. బిడ్డ చేతిలో పాలసీసా వంకరగా ఉంది. చుక్కలు పడుతున్నాయి. మిషనక్క చెయ్యి ముందుకి కదిలి ఆగింది.

"వాడుకో. దేంతోనైనా ఉతుక్కో" అంది మేనకోడలితో. తమ్ముడి వైపు తిరిగి, "ఇది షెడ్డు గుమ్మం తొక్కిందంటే మాత్రం ఈసారి నీ ప్యాంటు" అంది.

బొంత ఇప్పుడు ఇల్లంతా తిరుగుతోంది. అంచు ఒకచోట ఊడితే మేనకోడలే సూది పట్టి వంకరటింకరగా కుట్టుకుంది. తమ్ముడు తప్పయిందన్న మాట ఇంతవరకూ అనలేదు. అందుకని మిషనక్క కూడా నలుగురు కూర్చున్న చోటల్లా కథ మొదటినుంచీ చెబుతూనే ఉంది, వాడు పక్కనుండగానే.